స్లో స్పీడ్ బాబాయి

ఏప్రిల్ రెండో వారం. మా మిసిసాగా వీధిలో నీడపట్టున ఇంకా మంచు మిగిలే ఉంది. గరాజ్ తలుపు సగమే ఎత్తాను, ఎవరికీ వినపడకూడదని. ఆరు నెలలు దుప్పటి కప్పుకుని పడుకున్న బండిని స్టార్ట్ చేశాను. చోక్ లాగినంతసేపూ బాగానే ఉంది. చోక్ మూసేసరికి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ దగ్గి ఆగిపోయింది.

మూడిళ్ల అవతల తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"ఏమోయ్ అబ్బాయ్, స్లోలో నిలబడటం లేదా?"

పైన పార్కా, కింద గళ్ల లుంగీ, కాళ్లకి స్నో బూట్లు, చేతిలో స్క్రూడ్రైవరు. స్లో స్పీడ్ బాబాయి దర్శనం ఎప్పుడూ ఇంతే. ఆ స్క్రూడ్రైవరు ఎక్కణ్ణుంచి తీస్తాడో ఇంతవరకు నేను చూడలేదు. మహావిష్ణువుకి చక్రంలాగా, అది చేతిలోనే పుడుతుందనుకుంటా.

ఈ బాబాయి నాకు ఏ వరసా కాదు. టొరంటోలో దిగిన తెలుగువాడికి ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గరే పాస్‌పోర్టు మీద ఒక స్టాంపూ, చేతికి ఇద్దరు బాబాయిలూ ఇచ్చి పంపుతారు. ఒక బాబాయి ఇల్లు ఎక్కడ కొనాలో చెబుతాడు. రెండోవాడు మన బండి సంగతి చూసుకుంటాడు. నాకు తెలిసి బ్రాంప్టన్‌లో ఇలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఎడ్మంటన్‌లో ఒకరున్నారని మా తోడల్లుడు చెప్పాడు. అక్కడ చలి ఎక్కువ కాబట్టి ఫోన్‌లోనే చప్పుడు విని వైద్యం చేస్తాడట.

బాబాయికి బండి లేదు. ఇరవై ఏళ్లుగా లేదు. ఆయన పనిచేసేది ఒక బీమా ఆఫీసులో. ఒంటారియోలో మోటారుసైకిలుకి ఇన్సూరెన్సు ఎంత అడుగుతారో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు, అందుకే కొనలేదు. కానీ లైసెన్సు ప్రయత్నం మాత్రం మానలేదు. ఇక్కడ ముందు రాతపరీక్ష పాసైతే ఎం1 అని ఒకటిస్తారు. దానితో రాత్రిపూట నడపకూడదు, వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, పెద్ద హైవే ఎక్కకూడదు. అది చెల్లేది 90 రోజులే. అందులో 60 రోజులు గడిచాక రోడ్డు పరీక్ష ఇచ్చి ఎం2 తెచ్చుకోవాలి. బాబాయి నాలుగుసార్లు ఎం1 తెచ్చుకున్నాడు. నాలుగుసార్లూ 90 రోజులూ గౌరవంగా గడిపి వదిలేశాడు. మనం ఉగాదికి పంచాంగం చూసినట్టు, ఆయన ఏటా వసంతకాలంలో ఆ రాతపరీక్ష రాసొస్తాడు. ఒక్క మార్కు కూడా పోదు.

మరి ఈ పాండిత్యం ఎక్కడిదంటారా? అంతా యమహా ఆర్ఎక్స్ 100 దగ్గర మొదలై దాని దగ్గరే ముగుస్తుంది. 1985లో మన దేశంలోకి వచ్చిన ఆ 98 సీసీ బండి మీద ఆయన బెజవాడలో చదువు వెలగబెట్టాడు. సాయంత్రాలు ఆటోనగర్‌లో ఒక మెకానిక్కు పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. పనేమీ చెయ్యలేదు, చూశాడు. చూసినవాడికి ఉండే ధైర్యం చేసినవాడికి ఉండదు. నేను ట్యాపెట్లు చూపించాలేమో అన్నాననుకోండి, "ఆర్ఎక్స్‌కి ట్యాపెట్లే లేవోయ్, అయినా ఎగిరేది" అంటాడు. అది టూ స్ట్రోక్, దానికి ట్యాపెట్లు ఉండవు నిజమే. నా బండికున్నాయి బాబాయ్ అంటే, అది బండి చేసుకున్న పాపం అన్నట్టు చూస్తాడు.

నా బండి ఒక జపాను కంపెనీవాళ్లది. పాతది, 650 సీసీ. ముందొకటి వెనకొకటి రెండు సిలిండర్లు, దేని కార్బురేటరు దానికే. బాబాయి నా ఇంటికి ఇన్నిసార్లు రావడానికి అసలు కారణం ఆ రెండు కార్బురేటర్లే. ఇప్పుడొచ్చే బండ్లలో చాలావాటికి కార్బురేటరు ఉండదు, కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్ముతుంది. మన దేశంలో కూడా 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 వచ్చాక చాలావరకు ఇంజెక్షనే. బాబాయి లెక్కలో అవి బండ్లు కావు. "తిప్పడానికి స్క్రూ లేనిదాన్ని బండంటారేమిటోయ్? ఫ్రిజ్‌కీ దానికీ తేడా ఏమిటి?"

ఆయన వైద్యంలో ఒకటే మందు. కార్బురేటరు పక్కనుండే స్లో స్పీడ్ స్క్రూ. బండి ఆగిపోతోందా, పెంచు. మిస్సింగ్ ఉందా, పెంచు. పొగ వస్తోందా, కాస్త పెంచి చూద్దాం. ఆ రోజూ అంతే చేశాడు. లుంగీ ఎగ్గట్టి చతికిలబడి స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు. 1200 దగ్గర తిరగాల్సిన ఇంజను 2000 దాటి, పిండిమరలాగా అరవడం మొదలుపెట్టింది.

"చూశావా, నిలబడింది!"

నిలబడింది. 104 జ్వరంలో ఉన్నవాణ్ణి నలుగురు పట్టుకుంటే ఎలా నిలబడతాడో అలా. ఫస్ట్ గేరు వేస్తే డంగుమని ఒక్క కుదుపు ఇచ్చింది. వీధి మొదట్లో స్టాప్ గుర్తు దగ్గర క్లచ్ పట్టుకుంటే, జనం నేనేదో పందేనికి సిద్ధమవుతున్నానని పక్కకి జరిగారు. వెనక్కొచ్చి స్క్రూ తగ్గించాను. మళ్లీ దగ్గు.

నిజానికి రోగం అర్థంకానిదేం కాదు. వేగంగా పోతే బండి బ్రహ్మాండంగా ఉంది. చోక్ లాగితే బాగుంది. సిగ్నల్ దగ్గర ఆగితేనే చచ్చిపోతోంది. యాక్సిలరేటరు తిప్పకుండా ఉన్నప్పటి నుంచి ఇంచుమించు పావువంతు తిప్పేదాకా ఇంజనుకి తిండి పెట్టేది పైలట్ జెట్టు. ఆ పైన నీడిలు, ఇంకా పైన మెయిన్ జెట్టు. అంటే పెద్దల పంక్తిలో వడ్డన బాగానే సాగుతోంది, పిల్లల పంక్తికే ఎవరూ రావడం లేదు. స్క్రూ పెంచడమంటే పిల్లల్ని తీసుకెళ్లి పెద్దల పంక్తిలో కూర్చోబెట్టడం. కడుపు నిండుతుంది, కానీ వాళ్ల వంటవాడు ఏమయ్యాడో తేలదు.

ఇది బాబాయికి చెప్పాను. ఆయన ఉదారంగా తలూపి, "ఎయిర్ తీసుకుంటోందేమో" అన్నాడు. అదీ కొట్టిపారేసే మాట కాదు. కార్బురేటరుకీ ఇంజనుకీ మధ్య రబ్బరు గొట్టం చలికి బీటలిస్తే దొంగగాలి దూరుతుంది, ఇదే దగ్గు వస్తుంది. కెనడియన్ టైర్‌కి వెళ్లి కార్బురేటర్ క్లీనర్ డబ్బా తెచ్చాను. ఆ దుకాణానికి బాబాయి నాకంటే ముందే కారెక్కి కూర్చుంటాడు. ఆ కంపెనీ 1958 నుంచి సొంత నోట్లు అచ్చేసి పెట్రోలు కొన్నవాళ్లకి చిల్లరలాగా ఇచ్చేది. ఆ కాగితాలు బాబాయి పర్సులో ఇంకా ఉన్నాయి, రాజముద్ర ఉన్న నోట్లకంటే పదిలంగా. అన్నట్టు, ఆయన ఇప్పటికీ గ్యాస్ స్టేషన్ అనడు. పెట్రోల్ బంకు అంటాడు.

ఇంజను నడుస్తుండగా రబ్బరు చుట్టూ కొంచెం కొంచెంగా చిమ్మాను. బీట ఉంటే చప్పుడు మారాలి. మారలేదు. రబ్బరు బాగుంది.

ఈలోగా చప్పుడు విని, మా వీధిలో అందరూ హైదరాబాద్ అన్న అని పిలిచే ఆయన కూడా వచ్చాడు. ఆయన జాతి వేరు: బుల్లెట్ మనిషి. 1955లో మద్రాసులో బుల్లెట్లు బిగించడం మొదలైన నాటి నుంచి మన దేశంలో ఒక వర్గానికి గతుకుల చప్పుడంటే రోగం కాదు, సంగీతం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "గట్లనే కొట్టుకోవాలె అన్నా. గదే బీట్. దాన్ని ఖరాబ్ చెయ్యకుండ్రి." బాబాయికి కోపం వచ్చింది. ఆర్ఎక్స్‌కీ బుల్లెట్‌కీ ఉన్న వైరం కృష్ణా జలాల పంచాయితీకంటే పాతదని ఆయన మొహం చూస్తే తెలిసింది. ఇద్దరూ నా గరాజ్‌లో అరగంట వాదించుకున్నారు. నా బండి మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది, ఎవరూ గమనించలేదు.

ఆఖరికి బాబాయి బ్రహ్మాస్త్రం తీశాడు.

"పక్కకి వంచుదాం."

ఆర్ఎక్స్ కంటే ముందు వాళ్లింట్లో బజాజ్ చేతక్ ఉండేది. స్టార్టు కాకపోతే చేతక్‌ని పక్కకి వంచి, ఓ క్షణం ఆగి, కిక్కు కొట్టడం ఆ తరానికి సంధ్యావందనం. కానీ అది స్కూటరు. నాది 200 కిలోల పైమాట. నేను వద్దనేలోగా ఆయన హ్యాండిల్ పట్టుకుని తనవైపు లాగాడు. బండి విధేయంగా వంగింది. వంగుతూనే ఉంది. నేనూ, హైదరాబాద్ అన్నా చెరోవైపూ పట్టుకోకపోతే ఈ వ్యాసానికి శీర్షిక మరోలా ఉండేది. లుంగీ మాత్రం ఫుట్‌పెగ్‌కి చిక్కి జానెడు చిరిగింది.

అప్పుడొచ్చింది పిన్నిగారు. ఫ్లాస్కులో టీ, ఇంకో చేతికి ఇంకా తడి. అట్లు పోస్తూ మధ్యలో లేచివచ్చింది. మా ముగ్గుర్నీ, చిరిగిన లుంగీనీ, దగ్గుతున్న బండినీ ఒక్కసారి చూసింది. ఏమనుకుందో, తడి వేళ్లతో ముందు సైలెన్సర్ గొట్టం మీద, ఇంజను దగ్గర, నాలుగు చుక్కలు చిలకరించింది. చుయ్‌మంది. వెనక గొట్టం మీద చిలకరించింది. నీళ్లు నీళ్లలాగే జారిపోయాయి.

"ఈ పెనం కాలలేదండీ," అంది.

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. స్లోలో వెనక సిలిండరు అసలు మండటమే లేదు. రెండెద్దుల బండిని ఒక్క ఎద్దు లాగుతోంది. గంటన్నరగా ముగ్గురు మగవాళ్లం వెతుకుతున్నది ఆవిడ అట్లపెనం పరీక్షతో తేల్చేసింది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నేనూ అదే అనబోతున్నా."

వెనక కార్బురేటరు విప్పడానికి కూర్చున్నాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి, జపాను బండి ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ఆ స్క్రూల గాడి చూడ్డానికి ఫిలిప్స్‌లాగానే ఉంటుంది, కానీ అది జేఐఎస్ అని వాళ్ల కొలత. ఫిలిప్స్ స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా తిప్పితే జారి, తల గుండు అవుతుంది. బాబాయి వాటిలో ఒకదానికి క్షణంలో గుండు గీసేశాడు. తిరుపతి వెళ్లకుండానే. దాన్ని ప్లయర్‌తో పట్టి ఊడదీయడానికి ఇంకో గంట.

గిన్నెలో ఉన్న పాత పెట్రోలు వార్నిష్ వాసన వేసింది. తప్పు నాదే. ఇక్కడి మామూలు పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది తేమని పీల్చుకుంటుంది. నవంబరులో ట్యాంకు నింపి స్టెబిలైజర్ పోసి, ఓ పది నిమిషాలు ఇంజను తిప్పి, కార్బురేటరు గిన్నె ఖాళీ చేసి పెట్టాలి. చలి ముందే ముంచుకొచ్చిందని నేను దుప్పటి కప్పి ఊరుకున్నాను. ఆరు నెలల్లో అది ఆరి జిగురైంది. పైలట్ జెట్టు రంధ్రం అరమిల్లీమీటరు కూడా ఉండదు. వెలుతురుకి పెట్టి చూస్తే గుడ్డిగవ్వ. చుక్క కాంతి లేదు.

క్లీనరులో నానబెట్టాను. పోలేదు. పిన్నీసు తీశాను. బాబాయి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో ఎప్పుడూ లేని గట్టిదనం ఉంది.

"ఇత్తడిది. ఉక్కు పెడితే రంధ్రం పాడవుతుంది."

లోపలికెళ్లి పాత ఫోన్ ఛార్జరు వైరు కోసుకొచ్చాడు. పైతొడుగు పంటితో లాగి, ఒక్కటంటే ఒక్క రాగి పోగు వేరుచేశాడు. ఆటోనగర్‌లో పీట మీద కూర్చుని చూసింది ఇదన్నమాట. ఆ పోగుని రంధ్రంలోకి ఎంత మెల్లగా పంపాడంటే, సూదిలో దారం ఎక్కించే ముసలమ్మ కూడా ఈర్ష్య పడుతుంది. రెండుసార్లు, మూడుసార్లు. జెట్టుని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూశాడు. అలాగే చాలాసేపు ఉన్నాడు. టీ చల్లారింది. ఏమిటి బాబాయ్ అంటే, "కనిపిస్తోంది" అన్నాడు.

బిగించాక బండి ఒక్క మీటకి లేచింది. చోక్ మూశాను. 1200 దగ్గర మెత్తగా, సమంగా, చప్పుడు చేస్తున్నానా లేదా అన్నట్టు నిలబడింది. పిన్నిగారు మళ్లీ చిలకరించింది. రెండు గొట్టాలూ చుయ్‌మన్నాయి. హైదరాబాద్ అన్న పెదవి విరిచి "బీట్ పోయింది" అని ఇంటికి వెళ్లిపోయాడు. బాబాయి అటూ ఇటూ తిరిగాడు, వంగి విన్నాడు, స్క్రూడ్రైవరు సగం ఎత్తాడు. తిప్పడానికి ఏమీ లేదు. బాగుపడిన బండి ముందు అంత నిరాశగా నిలబడ్డ మనిషిని నేను మరొకర్ని చూడలేదు.

చూడలేక, పోర్ట్ డోవర్ వెళ్దామా అన్నాను. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో 1981 నవంబరు నుంచి, పదమూడో తేదీ శుక్రవారం పడ్డప్పుడల్లా బైకులవాళ్లు చేరతారు. వేసవిలో పడితే వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. బాబాయి మొహం వెలిగింది. వెంటనే ఫోన్ తీసి పంచాంగం చూశాడు. పదమూడు ఆయనకి పట్టదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం.

"అది దాటాక బయలుదేరదాం. అక్కడ అన్ని బండ్లుంటాయి కదా, ఏదో ఒకటి స్లోలో ఆగిపోకపోదు."

ఈ ఏడాది ఐదోసారి ఎం1 రాసొచ్చాడు. మళ్లీ నూటికి నూరు.

మీ బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా? గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తండి, బాబాయి తనంతట తనే వస్తాడు. స్క్రూడ్రైవరు ముందే ఎక్కడైనా దాచేసి, చేతిలో రాగి పోగు పెట్టండి. పిన్నిగార్ని మాత్రం మర్చిపోకుండా పిలవండి.