పెరటి దిగ్విజయము

కొడిమ్యాల మండలములోను, చుట్టుప్రక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలోను కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకొన్న గృహస్థు, తన యింటికి వచ్చిన చుట్టమునకు ఇప్పుడు మొట్టమొదట చూపునది దేవుని గదియు గాదు, టేకు దర్వాజయు గాదు. చుట్టమును మెల్లగా పెరటిలోనికి నడిపించి, జామచెట్టు క్రింద నిలువబెట్టి, తన ఫోనును తలపైకెత్తి, "ఇగో బావా, ఇక్కడిదాంక వస్తది మన వైఫై" అని చెప్పి, బావ ముఖమున ఆశ్చర్యము పుట్టువరకు వేచియుండును. తెరపై గుండ్రముగా తిరుగుచున్న చక్రము ఎంతకును ఆగకపోవుట చూచి, బావ మర్యాదకొరకు "అబ్బో" అనును. గృహస్థు సంతుష్టుడై లోనికి వచ్చును. లోనికి రాగానే చక్రము ఆగును.

కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో, దేశమునందలి సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలకు ఆప్టికల్ ఫైబరు లాగవలెనని సంకల్పించి, 2015లో ఆ పథకమునకు భారత్‌నెట్ అని నామకరణ మహోత్సవము జరిపి, గడువు మీద గడువు పెంచుకొనుచు ఏండ్లకేండ్లు గడపినది. పంచాయతీ కార్యాలయపు మెట్లెక్కుటకే అంతకాలము పట్టిన వస్తువును మన గృహస్థు ఒక్క ఆదివారమున, ఒక నిచ్చెనయు, బామ్మర్దియు తోడుగా, జామచెట్టు కొమ్మకు చేర్చబూనును. ఇంతటి కార్యదక్షత గలవారు మన గ్రామములలో నుండగా ప్రభుత్వము వేరుగా ఇంజనీర్లను పోషించుట ధనవ్యయము కాక మరేమి?

పెరటికి ఇంటర్నెట్ ఏల అని అడిగితిరా, కారణములు సిద్ధముగా నుండును. హైదరాబాదులో సాఫ్టువేరు కొలువు చేయు కుమారుడు సంక్రాంతికి వచ్చినప్పుడు చెట్టు నీడను కూర్చుండి పనిచేయునట. ఆ కుమారుడు ఏసీ గది విడిచి వాకిటికైన వచ్చినట్లు ఇరుగుపొరుగు ఎరుగరు, అది వేరు మాట. సాయంకాలము మంచము వాల్చుకొని వార్తలు చూడవచ్చునట. వీని నటుంచి, అన్నిటికంటె బలమైన కారణము, ఎదుటివాని నోరు మూయించు కారణము, కోతులు.

కొండగట్టు అంజన్న సన్నిధి దగ్గరనే యుండుట మాకు భాగ్యమే గాని, ఆ స్వామి పరివారమునకు మా పెరడులు ప్రసాదాలయములైనవి. కోతుల బాధ పడలేక పల్లి, మక్క, కూరగాయలు వేయుట మానుకొన్న రైతులు ఈ ప్రాంతమున కొల్లలు. కావున గృహస్థు యుక్తి పన్ని, తోటలో సీసీ కెమెరా బిగించి, దానికి వైఫై అందునట్లు చేసి, తాను జగిత్యాల పనిమీద పోయినను, హోటలులో చాయ త్రాగుచు తన తోటను తాను కాపాడుకొనవలెనని నిశ్చయించెను. అట్లే కాపాడెను గూడ. కోతి కొమ్మమీద కూర్చుండి, కాయను రెండు చేతులతో త్రిప్పి త్రిప్పి చూచి, పచ్చిదైన పారవైచి, పండినదైన తినుట యంతయు ఆతడు కళ్ళార చూచెను. ఫోనులో "హేయ్" అని అరచెను. హోటలులోనివారందరు తిరిగి చూచిరి. కోతి మాత్రము చూడలేదు. ఆ కెమెరాలో చివరగా నమోదైన దృశ్యము ఏమన, ఒక వానరము నోటి లోపలి భాగము. పూర్వము ఇట్టి పనికి ఒక ముసలితాతయు, ఒక గుల్తేరును చాలియుండెడివి.

కోతిని అట్లుంచుదము, అది తన ధర్మమును తాను నెరవేర్చినది. నా కలహమంతయు పట్టణపు బజారులో యాంటెన్నల పెట్టెలు అమ్ము మహానుభావునితోడనే. "సార్, దీనికి ఆరు యాంటెన్నలున్నయ్. గోడలు గీడలు ఏం ఆపయ్. మీ తోట మొత్తం ఫుల్ సిగ్నల్" అని ఆయన సెలవిచ్చును. నాలుగు కొమ్ముల పెట్టె ఇంట నున్నవాడు ఆరు కొమ్ములది కొనును. ఆరు కొనినవానికి ఎనిమిదింటి మీద మనసు పోవును. యాంటెన్నల లెక్కకును తోట విస్తీర్ణమునకును గల సంబంధము ఎట్టిదో అమ్మువాడు చెప్పడు, కొనువాడు అడుగడు. పెట్టెపైన మాత్రము ఒక పచ్చని పచ్చికమైదానము, దానిలో నవ్వుచున్న ఒక కుటుంబము, వారి తలలపై ఇంద్రధనుస్సువలె వంగిన నీలి గీతలు ముద్రింపబడి యుండును. ఆ చిత్రములో ఒక్క చెట్టును ఉండదు. చిత్రకారుడు నిజాయతీపరుడని నా యభిప్రాయము.

ఏలయన, వైఫైకి చెట్టే పరమశత్రువు. ఈ తరంగములు ప్రధానముగా 2.4 గిగాహెర్ట్‌జుల దగ్గరను, 5 గిగాహెర్ట్‌జుల దగ్గరను పనిచేయును. పట్టణములలో అన్నము వేడిచేయు మైక్రోవేవు పొయ్యి సైతము ఇంచుమించు ఆ 2.4 దగ్గరనే పనిచేయును. నీటికి ఈ తరంగశక్తిని త్రాగివేయు గుణము కలదు. చెట్టు ఆకులలో నున్నది నీరే గదా! చలికాలపు ఎండుకొమ్మలలో నుండి దూరిపోయిన సిగ్నలు, ఆషాఢమాసమున తడిసిన మామిడాకుల గుబురు దగ్గరకు వచ్చి చతికిలబడును. 5 గిగాహెర్ట్‌జుల తరంగము వేగము గలదే గాని, ఆకులకు, గోడలకు మరింత సులభముగా లొంగిపోవును. ఇక ఇంటి గోడల సంగతియా? ఇనుప కడ్డీలు అల్లి, కాంక్రీటు పోసి, కోటవలె కట్టుకొన్న ఇంటి నడిమి గదిలో, టీవీ వెనుక, ఇనుప బీరువా ప్రక్కన రౌటరును దాచి, అది పెరటిలోనికి రావలెనని కోరుట ఏ న్యాయమో పెద్దలు చెప్పవలెను.

దూరము సంగతి దీనికంటె కఠినము. అడ్డమేమియు లేని బయలులోనైనను దూరము రెండింతలైన తరంగబలము నాలుగవ వంతునకు పడిపోవును. ఇది నా కల్పన గాదు. మా మండలములోని నాచుపల్లిలోనే జేఎన్‌టీయూ వారి ఇంజనీరింగ్ కళాశాల 2007 నుండి నడచుచున్నది, అచ్చటి ఎలక్ట్రానిక్సు విద్యార్థి నడిగినను చెప్పును. "అయిన పవరు పెంచుదము" అందురా? 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో కేంద్రము అనుమతించినప్పుడే ప్రసారశక్తి ఒక వాటును మించరాదని హద్దు గీచినది. పోనిండు, హద్దు మాట విడిచి, రౌటరు గొంతును ఎంతైన పెంచుదము. మన చేతిలోని ఫోను గొంతును పెంచువాడెవడు? దాని వైఫై ప్రసారశక్తి సాధారణముగా వాటులో పదవ వంతునకు మించదు. కొండగట్టు జాతరలో తప్పిపోయిన పిల్లవాని పేరును మైకులో ఎంత గట్టిగా పిలిచినను, జనమధ్యమున నిలిచి ఆ పిల్లవాడు ఏడ్చు ఏడుపు మైకు గదికి వినబడదు. ఫోను తెరపై నాలుగు గీతలును నిండుగా వెలుగుచుండగనే చక్రము తిరుగుటలోని రహస్యమిదియే. ఆ గీతలు రౌటరు మాట ఫోనునకు వినబడుచున్నదని మాత్రమే చెప్పును. ఫోను మాట రౌటరునకు చేరుచున్నదని చెప్పవు. మన గృహస్థు బావకు చూపినవి ఆ గీతలే.

ఇట్లు ఆరు కొమ్ములును విఫలమైన పిమ్మట బజారు మహానుభావుడు రెండవ అస్త్రమును తీయును. దాని పేరు రిపీటరు. సిగ్నలు ఎక్కడ లేదో అక్కడ దీనిని పెట్టుడని ఆయన బోధ. రోగము తెలియని వైద్యుడైనను ఇంతకంటె మేలు. రిపీటరనునది విన్నదానిని తిరిగి చెప్పు యంత్రము. వినబడని చోట పెట్టినచో అది ఏమి చెప్పును? లేని సిగ్నలును ఎంత విస్తరించినను లేమియే విస్తరించును. దానిని ఇంటికిని చెట్టుకును నడుమ, సిగ్నలు ఇంకను చక్కగా నున్న చోట పెట్టవలెను. అట్లు పెట్టినను, ఒకే రేడియో గల చవుక రకములో, విన్నంతసేపు చెప్పలేదు, చెప్పినంతసేపు వినలేదు గనుక, వేగము ఇంచుమించు సగమగును. ఒకదాని వెనుక ఒకటిగా రెండు పెట్టిన మహాత్ముల సంగతి పాఠకులు లెక్కవేసికొందురుగాక.

ఈ పెట్టెను జామకొమ్మకు సుతిలితో కట్టి, పైన పాల కవరు తొడుగుట మరియొక శాస్త్రము. ఇండ్లలో వాడు రౌటర్లలో చాలవరకు 0 నుండి 40 డిగ్రీల వేడిమి వరకే తాము పనిచేయుదుమని తమతో వచ్చు కాగితములో చిన్న అక్షరములతో విన్నవించుకొనియుండును. వేసవిలో జగిత్యాల జిల్లా 45 డిగ్రీలు దాటుట మాకు వార్త గాదు. మే నెల మధ్యాహ్నమున పాల కవరులో ఆ పెట్టె అనుభవించు వేదనను వర్ణించుటకు నాకు శక్తి చాలదు.

విచిత్రమేమన, ఇదే గృహస్థు ట్రాన్స్‌ఫార్మరు నుండి బోరు మోటారు వరకు, కట్టెలు పాతి, గట్ల మీదుగా, వాగు దాటించి కరెంటు వైరు లాగిన ధీరుడు. డ్రిప్పు పైపులు పరచినవాడు. అర్ధరాత్రి పొలమునకు పోనక్కరలేకుండ మోటారునకు సిమ్ము గల స్టార్టరు బిగించుకొని, మంచము మీదనుండియే ఫోను చేసి నడుపువాడు. అట్టివానితో, "అన్నా, ఇంటినుండి చెట్టుదాక ఇరవై మీటర్ల కేబులు పైపులో వేసి పూడ్చరాదా" యన్న, "అగో, గచ్చు తవ్వితే ఇంటి అందం పోదా" అనును. పెరటి గోడపై ఎండుచున్న ఎరువు సంచులు, మూలనున్న పాత టైర్లు ఆ యందమునకు లోపము చేయుట లేదు కాబోలు.

నేను నవ్వదలచనివారు ఒకరు కలరు. మా ప్రాంతమున దుబాయి, మస్కటు, సౌదీ పోయిన మగవారి ఇండ్లు ఊరూర నున్నవి. ప్రొద్దుగూకిన వేళ ఇంటి ఇల్లాలు ఐమోలో భర్తతో మాటలాడుచు, ఫోనును చేతబట్టి కొట్టము దగ్గరకు పోయి ఈనిన బర్రెను చూపును. పందిరి క్రింద నిలిచి సొరకాయను చూపును. పిల్లవాడు నేర్చిన కొత్త నడకను చూపును. పెరటిలో ఇంటర్నెట్ కావలసిన మనిషి యెవరైన నుండిన ఆమెయే. ఆమె ఏ కొమ్ముల పెట్టెను కొనలేదు. సిమ్ములోని డాటాతోనే, ఏ మూల నిలిచిన మాట తెగదో ఎరిగి, ఆ మూలనే నిలుచును. "గా చింతచెట్టు కాడికి పోతె మంచిగ వస్తది" అని చెప్పును, చెప్పినట్లే వచ్చును.

పెరటిలో వైఫై ఉండియే తీరవలెనను పట్టుదల గలవారికి నేను అడ్డు రాను. బజారు మహానుభావుడు కొమ్ములు లెక్కించి చూపునప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడు: "ఇది నా ఫోను మాట వినుటకు ఏమి చేయును?" ఆయన జవాబు చెప్పినచో నిశ్చింతగా కొనుడు. చెప్పలేక మరియొక పెట్టెను దించినచో, ప్రక్కనున్న ఎలక్ట్రికల్ దుకాణమునకు పోయి, బయట వాడుకకు తగిన ల్యాన్ కేబులును, పీవీసీ పైపును తెచ్చుకొనుడు. వంద మీటర్ల వరకు ఆ కేబులు ఆకునకు గాని, వానకు గాని, గోడకు గాని జడియదు. ఎండవానలకు తట్టుకొనునట్లు చేసిన యాక్సెస్ పాయింటును దాని చివర తగిలించినచో, కరెంటు సైతము ఆ కేబులులోనే పంపవచ్చును. పైపు చివరలు మాత్రము గట్టిగా బిగింపుడు, కోతులు చూచుచున్నవి.