‘ఊరు == "శ్రీకాకుళం"’ అను సూత్రమునకు టీకా తాత్పర్యం

మూలం: ఇఫ్ (ఊరు == "శ్రీకాకుళం")

టీక: ఊరు = వాడువాఁడు కీబోర్డున కొట్టిన పేరును పట్టియున్న వేరియబుల్; == = ఇరువైపులవి యొకటియేనా యని యడుగునది; "శ్రీకాకుళం" = ఆ పేరుగల స్ట్రింగు; ఇఫ్ = అయినచో. అన్వయము సుగమము, చిక్కంతయు రెండవ పదమున నున్నది. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా పేరు మీద గ్రాంథికంలో టీక సాగదీయడం అపచారం కనుక తాత్పర్యం వాడుక భాషలోనే.

తాత్పర్యం: జావాలో ఈ గుర్తు అడిగేది ‘రెండూ ఒకే వస్తువా’ అని, ‘రెంటిలోనూ అవే అక్షరాలా’ అని కాదు. స్ట్రింగు మెమరీలో ఎక్కడో ఉంటుంది, వేరియబుల్‌లో ఉండేది దాని జాడ మాత్రమే. == ఆ జాడల్ని పోలుస్తుంది. స్కానర్ చదివి తెచ్చిన "శ్రీకాకుళం" కొత్త వస్తువు, అందువల్ల అక్షరం పొల్లుపోకపోయినా జవాబు ‘కాదు’. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: ‘అదే పేరు ప్రోగ్రాంలోనే రెండుచోట్ల రాసి పోలిస్తే అవుననే వచ్చిందే!’ వస్తుంది మరి. కొటేషన్లలో రాసిన ఒకే రకం పేర్లన్నిటికీ జావా ఒక్క వస్తువునే ఉంచి, అందరికీ దాన్నే చూపిస్తుంది. కొత్తవాణ్ణి చెడగొట్టేది ఈ సదుపాయమే: తప్పు సూత్రం ల్యాబులో నెగ్గుతుంది, బయటివాడు పేరు కొట్టినప్పుడు ఓడుతుంది. ‘పైథాన్‌లో ఇదే గుర్తు అక్షరాల్నే చూస్తుంది కదా’ అంటే, చూస్తుంది. వస్తువు ఒకటేనా అని అడగడానికి అక్కడ ‘ఈజ్’ వేరే ఉంది. ఒక శాస్త్రంలోని సూత్రానికి మరో శాస్త్రంలోని అర్థం చెల్లదు.

కనుక మూలాన్ని ఊరు.ఈక్వల్స్("శ్రీకాకుళం") అని సవరించాలి. అంతటితో తీరిందా? శ్రీకాకుళం దగ్గర వ్యవసాయ కళాశాల ఉన్న నైర పేరే చూడండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద మరో గుర్తూ అని రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ నైరే, ఈక్వల్స్ మాత్రం ఒప్పుకోదు. దానికి కనిపించేది సంకేతాలే, రూపం కాదు. పోల్చేముందు రెంటినీ నార్మలైజర్‌తో ఒకే పద్ధతికి తేవాలి. చివర పొరపాటున పడ్డ ఖాళీని స్ట్రిప్ తీసేస్తుంది. ‘శ్రీకాకుళము’ అని రాసినవాణ్ణి మాత్రం ఏ నార్మలైజరూ ఆదుకోదు. ఆ రెండూ ఒకటేనని ప్రోగ్రాం రాసేవాడే పట్టిక వేసి చెప్పుకోవాలి.

దీనికి ఎదురు చిక్కు ఇంకా గడ్డుది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో ఆంధ్రమహావిష్ణువు కొలువైన ఊరూ శ్రీకాకుళమే, రాయలకు ఆముక్తమాల్యద రాయమని కలలో ఆజ్ఞ అయిన చోటు. నాగావళి ఒడ్డు ఊరినీ దీన్నీ పక్కన పెడితే ఈక్వల్స్ సందేహం లేకుండా ‘అవును’ అంటుంది. విజయనగరమూ అంతే: 1979లో ఏర్పడ్డ మన జిల్లాకూ, 2021లో కర్ణాటకలో హంపీ చుట్టూ ఏర్పడ్డ జిల్లాకూ తెలుగులో తరచు ఒకే రాత. ఇది ఈక్వల్స్ దోషమని కొందరి ఆక్షేపణ. పొసగదు. దాన్ని అడిగింది అక్షరాల గురించి, ఊళ్ల గురించి కాదు. ఊళ్లను పోల్చదలిస్తే పేరుకు పిన్‌కోడు తోడివ్వాలి.

పాఠాంతరం: "శ్రీకాకుళం".ఈక్వల్స్(ఊరు) అని కొందరు తిరగేసి రాస్తారు. చూపుకు వికారమే గాని అదే మేలైన పాఠం. ఊరులో ఏ పేరూ లేక నల్ ఉంటే మొదటి పాఠంతో ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. ఇది ‘కాదు’ అని చెప్పి ముందుకు పోతుంది.