పెన్నలో ఇసక తోలే అన్నకు

అన్నా,

జమ్మలమడుగు వంతెన దిగువన తెల్లారుజామునే స్టాండు నిలబెట్టుకుని బొమ్మ వేసే మనిషిని నేనే. ట్రాక్టరు ఏట్లోకి దించేటప్పుడు నన్ను చూస్తూనే ఉంటావు. నీతో ఒక మాట చెప్పుకోవాల.

నేను వేసేది ఆయిల్ రంగులతో. అందులోని అవిసె నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడాల. దానికి రోజులు పడతాయి, అంతవరకూ కాన్వాసు జిడ్డుగానే ఉంటుంది. నీ బండి గట్టెక్కేటప్పుడు లేచే దుమ్మంతా వచ్చి దాని మీదే వాలుతోంది.

ధనుర్మాసంలో ఏటి మీద మంచు కమ్ముకుంటుంది చూడు, నాకు కావలసింది అదే. ఎర్రమల కొండ ఎక్కడ ముగిసిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియకూడదు. రెండు రంగులూ పచ్చిగా ఉండగానే వెడల్పు కుంచెతో ఒక్క లాగు లాగి వదిలేయాల. మళ్లీ దిద్దితే మాసిపోతుంది. ఆ లాగులో ఒక్క ఇసక రేణువు కుంచె వెంట్రుకల్లో ఇరుక్కుంటే చాలు, కొండ నుంచి ఆకాశం దాకా గీత పడుతుంది. కత్తితో గీకితే గీతతోపాటు మంచూ పోతుంది.

1870లో త్రూవిల్ తీరంలో క్లాడ్ మోనే వేసిన బొమ్మలో ఇసక రేణువులు ఇప్పటికీ అంటుకునే ఉన్నాయని, అది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉందని స్నేహితులు నాకు ధైర్యం చెబుతారు. అది సముద్రపు గాలి తెచ్చిన ఇసక. బండ్ల కింద నలిగిన మన్ను వేరు, అది పడితే ఆకాశం రంగే చచ్చిపోతుంది.

దుమ్ము కన్నా నన్ను బాధపెట్టేది గుంతలు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచే పెన్న, మైలవరం డ్యాము గేట్లు ఎత్తితేగానీ మన దగ్గర నిండుగా పారదు. మిగతా నెలల్లో నీళ్లు ఇసక కిందే. ఇక్కడి నుంచి ప్రొద్దుటూరు దాకా ఒడ్డున ఉన్న బోర్లకు ఆ నీళ్లే దిక్కు. నువ్వు లోతుకు తవ్వేకొద్దీ అవీ కిందికి దిగుతాయి. పొద్దుటి ఏటవాలు వెలుగులో ప్రతి గుంతా నల్లగా కనపడుతుంది. పులివెందుల నుంచి నేర్చుకోను వచ్చే పిల్లోడు మొన్న తన బొమ్మలో వాటన్నిటినీ పూడ్చేశాడు. ఎందుకురా అంటే, "ఏరంటే ఇట్ల ఉండాల గదా సార్" అన్నాడు. నాకు మాట రాలేదు. నేను మాత్రం గుంతలు వేస్తున్నా.

నీ కూలి పోగొట్టుకోమని అడగను. ఏడున్నర దాకా మాత్రం ఎగువ బాటన దిగు, అక్కడ నేల చెమ్మగా ఉంటుంది, దుమ్ము లేవదు. గుంతల సంగతి నీతో, మీ ఓనరుతో కూర్చుని మాట్లాడాల. ఎనిమిదింటికి వంతెన కాడి టీ అంగట్లో ఉంటా, రాండి.