పని లేని ఊరు కావలెను

మే నెల వచ్చిందంటే హైదరాబాద్ జంటలకు పల్లె మీద ప్రేమ పుట్టుకొస్తుంది. శుక్రవారం సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి, నాగర్‌కర్నూల్ మీదుగా సుమారు 180 కిలోమీటర్లు కారు నడిపి, కొల్లాపూర్ దాటి, సోమశిలలో కృష్ణ ఒడ్డున కాటేజీలో దిగుతారు. తిరిగొచ్చాక ఫోటోల కింద రాసే మాట ఇంచుమించు ఒకటే: పార్ట్‌నర్‌తో రెండు రోజులు ఏ పనీ చేయకుండా అచ్చం పల్లెవాళ్లలా బతికాం. ఈ వాక్యంలో మొదటి సగం మీద పేచీ లేదు. వారమంతా తెర ముందు కూర్చుని మెడలు పట్టేసినవాళ్లు రెండు రోజులు నిద్రపోతామంటే వద్దనే హక్కు ఎవరికుంది? చిక్కంతా రెండో సగంతోనే. ఏ పనీ చేయకుండా బతకగలిగిన పల్లెవాడు పాలమూరులో ఎక్కడున్నాడో చూపిస్తే, పర్యాటక శాఖ ఆయన్ని చూడటానికే టికెట్టు పెట్టొచ్చు.

రోహిణి కార్తెలో ఇక్కడ రోళ్లు పగిలే ఎండ. ఊళ్లోవాళ్లు కరువు పనికి తెల్లవారకముందే పార పట్టుకుని పోతారు, ఎందుకంటే పది దాటితే మట్టి మీద కాలు నిలవదు. కొల్లాపూర్ మామిడి తోటల్లో కాయ దింపేది కూడా ఈ ఎండలోనే. మన జంట లేచేది సరిగ్గా ఆ పది గంటలకు. ఏసీ ఫ్లాటు నుంచి ఏసీ కారులో ఏసీ కాటేజీకి చేరి, సూర్యుడు దిగేదాకా తలుపు తీయకుండా వాళ్లు అనుభవించే గ్రామీణ జీవితం ఏమిటో, దానికి 180 కిలోమీటర్ల డీజిల్ ఎందుకో తెలియదు. సాయంత్రం బయటికొస్తే ఇంకో నిరాశ కాచుకుని ఉంటుంది. ఫోటోల్లో చూసిన నిండు నీళ్లు వానాకాలానివి. వేసవిలో శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గి, పగుళ్లిచ్చిన ఒండ్రు మిగులుతుంది. బాగా తగ్గిన ఏడాది అవతలి వైపు సంగమేశ్వరం గుడి కూడా తేలుతుంది. దాన్ని వెనక పెట్టుకుని సెల్ఫీ దిగి, 'ప్రకృతి' అని రాస్తారు.

ప్రకృతి కాదు, అది డ్యామ్. సోమశిల అందమంతా శ్రీశైలం ప్రాజెక్టు వెనక నిలిచిన ముంపు నీటిది. 1981 ప్రాంతంలో కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా కలిపి వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి, సుమారు లక్ష మంది ఇళ్లు వదిలారు. ముంపులో పడ్డ పాత గుళ్లలో ఎన్నింటినో మాత్రం రాయి రాయి విప్పి, తెచ్చి గట్టు మీద మళ్లీ కట్టారు. అలంపురానికి తరలిన కూడవెల్లి సంగమేశ్వరాలయమూ అలా వచ్చిందే. దేవుళ్లకు పునరావాసం చక్కగా జరిగిందనడంలో సందేహం లేదు. మనుషులకు 1986లో జీవో 98 వచ్చింది. ముంపు కుటుంబానికో ఉద్యోగమన్న ఆ కాగితం పట్టుకుని దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లున్నారు. రాయిగా పుట్టి ఉంటే పని త్వరగా అయ్యేదేమో. పడవ సంగతీ అంతే. వచ్చినవాళ్లకది షికారు, ఇక్కడివాళ్లకు అవతలి ఒడ్డుకు దారి. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. వంతెన కావాలని ఈ ప్రాంతం అడిగిందీ అందుకే.

మరి ఆ ప్రశాంతత? అది నిజమే, ఊళ్లు నిశ్శబ్దంగానే ఉంటాయి. ఎందుకుండవు, మాట్లాడే వయసువాళ్లంతా ఊరొదిలి పోయాక? గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, ముసలివాళ్లకు పిల్లల్ని అప్పగించి, బొంబాయికో పుణేకో హైదరాబాద్‌కో పోయిన జనం పేరే పాలమూరు లేబర్. దేశంలో ఎన్నో ఆనకట్టల కింద వాళ్ల చెమట ఉంది. ఊళ్లో పని లేకపోవడం వాళ్లను తరిమింది. ఆ పని లేకపోవడాన్నే మనవాళ్లు రాత్రికి ఇంతని కట్టి కొనుక్కుంటున్నారు.

దీనికి మూడు సమాధానాలు వినిపిస్తాయి. పర్యాటకం వస్తే ఉపాధి వస్తుందన్నది మొదటిది. వస్తుంది, కాదనను. ఒక వాచ్‌మన్, ఒక వంటమనిషి, నలుగురు పడవవాళ్లు. ఆ కొలువులకు పల్లెజీవితమని పేరు పెట్టమనరు కదా! రెండోది, వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరెళ్లడం మన సంప్రదాయమేనని. నిజమే. అప్పుడూ అల్లుడుగారు మంచం మీదే ఉండేవారు. ఆ రోజుల్లోనే అత్తగారు కారం దంచి, ఆవకాయ కలిపి, మిద్దె మీద వడియాలు పెట్టి, మధ్యలో అల్లుడికి మజ్జిగ అందించేది. బద్ధకం ఒకరిదైతే పని మరొకరిదని తెలుగిళ్లకు ఎప్పుడో తెలుసు. మూడోది, పల్లెలో మనుషులు స్వచ్ఛమైనవాళ్లని. గుడి అరుగు మీద ముసలవ్వ ఆ స్వచ్ఛతతోనే "మీరిద్దరూ ఏమైతరు బిడ్డా, పిల్లలెంతమంది?" అని అడగ్గానే, జంట కారెక్కి అద్దాలు పైకి లేపేస్తుంది.

2024లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో సోమశిలను ఆధ్యాత్మిక, స్వస్థత విభాగంలో ఎంపిక చేసింది. సంతోషం. ఇదే ఊపులో పర్యాటక శాఖవారికి ఒక ప్యాకేజీ సూచించాలనిపిస్తోంది. శనివారం, ఆదివారం సోమశిలకొచ్చే జంటల ఫ్లాట్లు ఖాళీగానే ఉంటాయి. వాటికి గోడలు లేపి, గచ్చు చేసినవాళ్లలో పాలమూరు కూలీలు బోలెడు మంది. ఆ రెండు రోజులు వాళ్లను జంటలుగా అక్కడ దింపాలి. ఈతకొలను పక్కన పడక కుర్చీలు వేయాలి. పది దాకా లేపకూడదు. తిరిగొచ్చాక ఏ పనీ చేయకుండా అచ్చం పట్నమోళ్ల లెక్క బతికినమని చెప్పుకోనివ్వాలి. సొసైటీ కమిటీ ఒప్పుకోదని తెలుసు. క్లబ్‌హౌస్ పాడవుతుందంటారు, గేటు రిజిస్టర్‌లో ఎవరి గెస్టులని రాయాలంటారు. భోజనం దగ్గర పేచీ ఉండదులెండి, సద్ది వాళ్లే తెచ్చుకుంటారు.