ఎర్ర బటన్, ఎనభై శాతం

పెట్రోల్ బంకులో "జీరో చూసుకోండి సార్" అని ఒక మనిషి చెబుతాడు. ఛార్జింగ్ స్టేషన్‌లో చెప్పేవాడు ఉండడు. జీరో మాత్రం చాలాసేపు కనిపిస్తుంది.

2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం కొత్త విధానం తెచ్చి, ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషన్ ఫీజూ 2026 డిసెంబర్ 31 దాకా ఎత్తేసింది. అలా మిగిలిన డబ్బు ఎక్కడ దాచుకోవాలా అనే బెంగ మాకు లేదు. ఛార్జింగ్ కంపెనీకో యాప్, యాప్‌కో వ్యాలెట్. ఇందులో వంద, అందులో నూట యాభై. వడ్డీ వ్యాపారం చేసిన మా తాతకు కూడా ఇన్ని చోట్ల డబ్బు ఇరుక్కోలేదు.

హైదరాబాద్ మైండ్‌స్పేస్ ఐటీ పార్కు చుట్టుపక్కల మ్యాప్ తెరిస్తే ఆకుపచ్చ చుక్కలే. ఖాళీ అంటుంది కదా అని వెళ్తే ఛార్జర్ ముందు ఓ డీజిల్ బండి నిద్రపోతుంటుంది. యాప్ అబద్ధం ఆడలేదు. ఛార్జింగ్ గన్ను ఖాళీయే, జాగానే లేదు. ఇంకోచోట గన్ను పాత భారత్ డీసీ-001 రకం, పదిహేను కిలోవాట్లది. సీసీఎస్2 సాకెట్ ఉన్న మన కారుకు అది పట్టనే పట్టదు. మరోటి ఆఫీసు టవర్ కింద రెండో సెల్లార్‌లో ఉంటుంది. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే చోట, సిగ్నల్ అందక, ఓటీపీ కోసం ఫోను పట్టుకుని ర్యాంపు ఎక్కాలి.

ఒక సాయంత్రం గచ్చిబౌలిలో ఛార్జర్ తెర మీద 'ఫాల్ట్' అని పడింది. నా ముందున్నాయన క్లౌడ్ ఆర్కిటెక్టట. యాప్ తీసేసి మళ్లీ వేశాడు, కారు లాక్ చేసి తీశాడు, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. అవతల సంగీతం మొదలైంది. ఇంతలో సెక్యూరిటీ అన్న కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "సార్, ఆ ఎర్ర బటన్ ఎవరో నొక్కిపోయిండ్రు. జర తిప్పున్రి, పైకొస్తది." అది ఎమర్జెన్సీ స్టాప్ బటన్. తిప్పాం. టక్కుమని లేచింది, ఛార్జర్‌కు ప్రాణం వచ్చింది. ఫోన్లో సంగీతం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక వేగం సంగతి. బోర్డు మీద 60 కిలోవాట్లు, తెర మీద 19. కంపెనీని తిట్టేముందు పక్క గన్ను చూడండి. ఇంకో కారు తగిలించి ఉంటే చాలా ఛార్జర్లు కరెంటును ఇద్దరికీ పంచుతాయి. పక్కన ఎవరూ లేకపోతే మన కారునే అనుమానించాలి. ఎంత కావాలో అడిగేది కారే, ఛార్జర్ ఇచ్చేది అంతే. మే నెల ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు మీద తోలుకొచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటే తక్కువే అడుగుతుంది. ఎనభై శాతం దాటాక అయితే ఏ కాలంలోనైనా నెమ్మదిస్తుంది. చివరి ఇరవై కోసం ఏసీ వేసుకుని సీటు వాల్చి వెబ్ సిరీస్ చూసే మహానుభావులను చూస్తే, వెనక వరుసలో ఉన్న నాకు శాంతం ఒక్కో శాతం చొప్పున తగ్గుతుంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఊరు దాటే పని లేకపోతే ఎనభైకి గన్ను తీసేయండి. మిగతాది ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకు పెట్టి పడుకోండి. గన్ను ఊడి రాకపోతే ముందు యాప్‌లో ఆపి, కారు అన్‌లాక్ చేసి చూడండి. తప్పనిసరై ఎర్ర బటన్ నొక్కితే, వెళ్లేముందు దాన్ని తిప్పి వెళ్లండి.