ఎక్కడో ఒకచోట ఉంటుంది

మా నానమ్మ కళ్ళజోడు పోయిన రోజున నేను బీయస్సీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు నన్ను అడగడం ఆనవాయితీ కాబట్టి, నా గది గుమ్మంలో నిలబడి, "ఒరే, జోడు చూశావా?" అంది.

ఆ వారమే క్లాసులో రోల్ సిద్ధాంతం అయింది. రెండు చివర్లా ఒకే ఎత్తులో ఉండి, మధ్యలో ఎక్కడా తెగకుండా, ఎక్కడా మొన తేలకుండా సాగే గీత ఏదైనా సరే, నడుమ ఎక్కడో ఒకచోట చదునుగా ఉండి తీరాలి. ఆ చోటు పేరు సి. ఆ సి ఎక్కడుందని మాత్రం అడక్కూడదు. ఎ కీ బి కీ మధ్య ఉంటుంది, అంతే. ఆ మత్తు ఇంకా దిగని నేను నానమ్మకి విడమరిచి చెప్పాను.

"పొద్దున్న ఏడింటికి జోడు నీ ముక్కు మీద ఉంది. ఇప్పుడు లేదు. అంటే ఈ మధ్యలో ఏదో ఒక క్షణాన తీశావు. నువ్వు గడప దాటలేదు. కాబట్టి జోడు ఇంట్లో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది."

"ఎక్కడ్రా?"

"అది సిద్ధాంతం చెప్పదు నానమ్మా. ఉందని మాత్రం చెబుతుంది."

నానమ్మ నన్ను ఎగాదిగా చూసింది. చూసిందని నేననుకోవడమే, జోడు లేకపోతే ఆవిడకి నేను కనబడను. "ఈ ముక్క చెప్పడానికి నీకు బస్సు పాసు కూడానా?" అంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి, దేవుడి గదిలో భాగవతం మధ్య గుర్తుగా పెట్టి మరిచిపోయిన జోడు తీసి ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మ చదివింది ఐదో తరగతి.

మా రోజుల్లో బీయస్సీ లెక్కల్లోకి కావాలని వచ్చినవాణ్ణి నేను చూడలేదు. 1991లో ఎంసెట్ రాశాను. నా ర్యాంకు చూసి నాన్న అది హాల్ టికెట్ నంబరనుకున్నాడు. ఇంజనీరింగు ఆశ అలా తేలిపోయాక బంధువులు అరుగు మీద కూర్చుని తీర్మానం చేశారు: వీడు లెక్కల్లో చురుకు, ఎంపీసీలో చేర్చేస్తే మూడేళ్ళు, ఆ తర్వాత బీయీడీ, ఆ తర్వాత పంతులు ఉద్యోగం. మావయ్యయితే ఏకంగా రామానుజన్ పేరెత్తాడు. రామానుజన్ ఎఫ్.ఏ. తప్పిన సంగతి మావయ్యకి తెలీదు. నాకు తెలుసు. ఎప్పటికైనా అక్కరకొస్తుందని దాచుకున్నాను.

మొదటి సంవత్సరం హాయిగానే గడిచింది. అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి. అదంతా వంటలాంటిది. సమీకరణం రకం పోల్చుకో, దానికి తగిన తాలింపు వెయ్యి, దింపెయ్. ఇంటర్ చదువుకి ఇది కాస్త ముదురు పాకం, అంతే అనుకున్నాను.

రెండో సంవత్సరం మొదటి రోజున మా వాస్తవ విశ్లేషణ లెక్చరర్ బోర్డు మీద ఒక్క లైను రాశారు: ఒకటి సున్నా కంటే పెద్దదని నిరూపించండి.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ముందు బెంచీ అమ్మాయి ధైర్యం చేసి, "కనబడుతూనే ఉంది కదండీ" అంది. "కనబడేదాన్ని నమ్మితే లెక్కలెందుకమ్మా, సినిమాకి వెళ్ళొచ్చు" అన్నారు. అప్పుడే రస్సెల్, వైట్‌హెడ్ అనే ఇద్దరు ఇంగ్లీషు పెద్దమనుషుల కథ చెప్పారు. వాళ్ళు గణితానికి పునాదులు వేస్తూ రాసిన మహాగ్రంథం మొదటి సంపుటం 1910లో వచ్చింది. అందులో ఒకటీ ఒకటీ కలిస్తే రెండన్న సంగతి దగ్గరికి చేరడానికే 360 పేజీలు దాటాయట. మా ఊరి బడ్డీకొట్టు ఆసామి సోడా మూత తీస్తూ తీస్తూ చేసే కూడిక అది.

ఇక ఎప్సిలాన్, డెల్టాలు. అవధి అంటే ఇంటర్లో "దగ్గరికి పోవడం" అని సరిపెట్టుకున్నాం. ఇక్కడ కుదరదు. ఎంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా సరే, దానికి సరిపడే డెల్టా ఒకటి ఉందని చూపించాలి. ఎప్సిలాన్ ఇచ్చేదెవరు? తెలీదు. ఎందుకిస్తాడు? అడక్కూడదు. నాకు ఇది నాలుగు నెలలపాటు బుర్రకెక్కలేదు. చివరికి మా అక్క పెళ్ళిమాటల్లో ఎక్కింది. మగపెళ్ళివారు ఎప్సిలాన్, మనం డెల్టా. వాళ్ళు పట్టు ఎంత బిగించినా, దానికి తగ్గట్టు మన దగ్గర సర్దుబాటు ఒకటి ఉండాలి. ముందు వాళ్ళు అడగాలి, తర్వాతే మనం చెప్పాలి. ఈ వరస తిరగబడితే సంబంధమూ చెడుతుంది, నిరూపణా చెడుతుంది.

ఈ ఎప్సిలాన్ పద్ధతిని ఇంత బిగించి మా నెత్తికెత్తిన మహానుభావుడు వైయర్‌స్ట్రాస్ అనే జర్మన్. ఆయన చరిత్ర చదివాక కోపం సగం చల్లారింది. తండ్రి ఈయన్ని సర్కారు కొలువు కోసం లా, ఆర్థిక వ్యవహారాలు చదవమని బాన్ విశ్వవిద్యాలయానికి పంపాడు. ఈయన నాలుగేళ్ళు కత్తిసాము చేసి, బీరు తాగి, డిగ్రీ లేకుండా ఇంటికొచ్చాడు. తర్వాత బడిపంతులై లెక్కలతోపాటు పిల్లలకి కసరత్తులు కూడా చెప్పాడు. ఇలాంటి కుర్రాడు మా వీధిలో ఉంటే మా నాన్న నన్ను వాడితో తిరగనిచ్చేవాడు కాదు. ఆయన పెట్టిన సిలబస్సుకి మాత్రం అప్పుచేసి పంపాడు.

ఈ వైయర్‌స్ట్రాస్ 1872లో ఒక ప్రమేయం చూపించి బెర్లిన్ పండితుల్ని హడలగొట్టాడు. అది అంతటా అవిచ్ఛిన్నమే, ఎక్కడా తెగదు. కానీ ఏ ఒక్క బిందువు దగ్గరా అవకలనీయం కాదు. అంటే ఎక్కడ చూసినా గతుకే, స్పర్శరేఖ గీయడానికి జానెడు నునుపు దొరకదు. లెక్చరర్ ఇది ఊహకందదని అంటే మా బస్సులో వచ్చే నలుగురం మొహమొహాలు చూసుకున్నాం. రోజూ దాని మీదే కదా కాలేజీకి వస్తున్నాం! మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి ఏడు కిలోమీటర్లు, అచ్చంగా ఆ ప్రమేయమే.

బీజగణితం పేపరు ఇంకో రకం. అక్కడ అసలు అంకెలే లేవు. సమూహం, వలయం, క్షేత్రం అని తెలుగు అకాడమీ పుస్తకం చక్కటి మాటలు పెట్టింది. చదువుతుంటే ఏదో తీర్థయాత్రకి వెళ్ళినట్టుంటుంది. నాకు సమూహం అర్థమైంది మా ఉమ్మడి కుటుంబం వల్లే. తత్సమ మూలకం అంటే ఎవరితో కలిసినా వాళ్ళని ఉన్నట్టే వదిలేసేది. అది మా పెదనాన్న. ఏ తగవులో తలదూర్చినా ఆ తగవు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. సమూహంలో ఇలాంటి మూలకం ఒక్కటే ఉంటుందని నిరూపణ ఉంది. మా ఇంట్లో కూడా ఆయనొక్కడే. ప్రతి మనిషికీ ఒక విలోమం, అంటే చేసిన పనిని చెరిపేసే మనిషి ఉంటారన్నది పెదనాన్నకీ పెద్దమ్మకీ పెళ్ళయినప్పటి నుంచీ తెలిసిన విషయం. వినిమయ ధర్మం మాత్రం ఏ ఇంట్లోనూ చెల్లదు. ముందు బనియను తర్వాత చొక్కా వేసుకోవడం, ముందు చొక్కా తర్వాత బనియను వేసుకోవడం ఒకటి కావు కదా. అది చెల్లే సమూహాలకి ఆబెల్ పేరు పెట్టారు. పాపం, ఆ నార్వే కుర్రాడు ఇరవయ్యారేళ్ళకే క్షయతో పోయాడు. బెర్లిన్‌లో ఉద్యోగం ఖాయమైందని స్నేహితుడు రాసిన ఉత్తరం తారీఖు, ఆయన పోయిన రెండు రోజుల తర్వాతిది. మా క్లాసులో ఈ కథ విన్నప్పుడు ఒక్కరూ నవ్వలేదు. అందరికీ సర్కారు కొలువు మీదే ఆశ.

నాకు బాగా నచ్చింది శూన్య సమితి. అందులో ఏమీ లేదు కాబట్టి, అందులోని వాటన్నిటి గురించీ ఏ మాట చెప్పినా సత్యమే. మా ఇంట్లో ఉన్న కార్లన్నీ ఎర్రవే. కాదనేవాడు ఎర్రది కాని కారు ఒకటి మా ఇంట్లోంచి తెచ్చి చూపించాలి. ఈ సూత్రం లెక్కలవాళ్ళు కనిపెట్టారనుకుంటారు గానీ, మా పెళ్ళిళ్ళ పేరయ్య ఏనాటి నుంచో వాడుతున్నాడు. "కుర్రాడు ఇంతవరకూ చేసిన ఉద్యోగాలన్నీ గవర్నమెంటువేనండి" అని అతగాడు చెబితే అందులో అబద్ధం ముక్క లేదు. కుర్రాడు ఇంతవరకూ ఏ ఉద్యోగమూ చెయ్యలేదు.

ఇన్ని చదువుతున్నా క్వార్టర్లీ పరీక్షలో విశ్లేషణ తప్పాను. దాచుకున్న రామానుజన్‌ని అప్పుడు బయటికి తీశాను. "కుంభకోణం కాలేజీలో రామానుజన్ కూడా లెక్కలు తప్ప మిగతావన్నీ వదిలేసి స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నాడు నాన్నా" అన్నాను. నాన్న మార్కుల కాయితం ఇటూ అటూ తిప్పి చూసి, "నువ్వు తప్పింది లెక్కలే కదరా" అన్నాడు.

ఆ తర్వాత దారిలో పడ్డాను. అంటే బట్టీ. సీనియర్లు తరతరాలుగా అందించిన ముఖ్యమైన ప్రశ్నల చిట్టా, ఒక ఎస్. చాంద్ పుస్తకం, తెల్లవారుజామున నాలుగింటికి అలారం. నిరూపణల్ని పద్యాల్లా వల్లెవేశాం. చిక్కేమిటంటే పద్యంలో ఒక పాదం మరిచిపోతే మాస్టారు అందిస్తారు. పరీక్ష హాల్లో అందించేవాడు మనకన్నా ముందే మరిచిపోయి ఉంటాడు. దానికీ ఉపాయం ఉంది. సిద్ధాంతం మొదలు తెలుసు, చివర ఏం తేలాలో ప్రశ్నలోనే ఉంది. కాలవకి రెండు గట్ల నుంచీ వంతెన కట్టుకొచ్చినట్టు పై నుంచి నాలుగు లైన్లు, కింద నుంచి నాలుగు లైన్లు రాసుకొస్తాం. మధ్యలో మిగిలిన సందులో "దీని నుండి స్పష్టంగా" అని రాస్తాం. ఆ స్పష్టంగా అన్న మాట కింద ఎంతమంది మునిగిపోయారో పేపర్లు దిద్దినవాళ్ళకే తెలియాలి. నేను ఈది బయటపడ్డాను, సెకండ్ క్లాసులో.

చదువు ఇంటికి ఉపయోగపడిన రోజు ఒక్కటుంది. చివరి సంవత్సరం వేసవి సెలవులు. అక్క పెళ్ళి బాకీ తీర్చడానికి నాన్న కాలవ పక్క పొలం చెక్క ఒకటి అమ్మకానికి పెట్టాడు. కొనేది వరసకి నాకు బాబాయి అయ్యే ఆసామే. ఇద్దరూ టేపు పట్టుకుని గట్ల వెంట కొలిచారు. వరసగా 200, 180, 210, 190 అడుగులు వచ్చాయి. మా ఊళ్ళో లెక్క తేలిక. ఎదురెదురు భుజాలు కూడి సగం చెయ్, ఆ రెండు సగాల్నీ గుణించు. 205 ఇంటూ 185. బాబాయి నోటితోనే, "37,925 చదరపు అడుగులు. 87 సెంట్లు, పైన చిటికెడు" అనేశాడు. నేనింకా ఐదైదులు ఇరవయ్యైదు దగ్గరున్నాను.

ఈ లెక్క మా ఊరివాళ్ళు పుట్టించింది కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో ఉంది. ఆ పుస్తకాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఉజ్జాయింపు లెక్క అని మహావీరుడు చెప్పే ఇచ్చాడు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే నేను మనిషినయ్యేవాణ్ణి. మూడేళ్ళ చదువు లోపలి నుంచి తన్నుకొచ్చింది.

"అది తప్పు నాన్నా" అన్నాను.

గట్టు మీద పుల్లతో బొమ్మ గీశాను. ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు. ఏ త్రిభుజమూ దాని రెండు భుజాల లబ్ధంలో సగం దాటదు. రెండో కర్ణంతోనూ అంతే. రెండిటినీ కూడి సగం చేస్తే సరిగ్గా మీ లెక్కే వస్తుంది. కాబట్టి పొలం మీ లెక్కని ఎప్పటికీ దాటలేదు. నాలుగు మూలలూ లంబకోణాలైతేనే సమానం. ఎదురు భుజాలు సమానంగా లేవు కాబట్టి ఇది దీర్ఘచతురస్రం కాదు. అందువల్ల పొలం 37,925 కంటే ఖచ్చితంగా తక్కువ. నా జీవితంలో "స్పష్టంగా" అనకుండా పూర్తి చేసిన నిరూపణ అదొక్కటే.

బాబాయి కళ్ళు మెరిశాయి. "అబ్బాయిని చదివించావు చూడు అన్నయ్యా, అదీ చదువంటే!" అని నా భుజం తట్టి, "ఎంత తక్కువరా?" అన్నాడు.

"అది చెప్పలేను బాబాయ్. తక్కువని మాత్రం చెప్పగలను."

"పోనీ, రెండు సెంట్లు తగ్గిద్దామా?" అన్నాడాయన ఎంతో న్యాయంగా. నాన్న నావైపు చూశాడు. నేను బొమ్మ వైపు చూశాను. బేరం 85 సెంట్లకి తెగింది.

ఆ సాయంత్రం కాగితం మీద లెక్క వేశాను. ఈ నాలుగు భుజాలతో గీయగల పొలాల్లో అన్నిటికన్నా పెద్దది వృత్తంలో ఇమిడేది. దాని వైశాల్యానికి బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రం ఇచ్చాడు. వేసి చూస్తే 37,900 వచ్చింది. అంటే నేను తగ్గి తీరాలని నిరూపించింది మొత్తం 25 చదరపు అడుగులు, నానమ్మ నులకమంచం వేసుకునేంత చోటు. బాబాయికి వదిలేసింది 870 చదరపు అడుగుల పైమాట. కర్ణం ఒక్కటి టేపు పెట్టి కొలిచి ఉంటే అసలు లెక్క తేలిపోయేది. కానీ కొలవడం మా సిలబస్సులో లేదు. ఈ 25 అడుగుల సంగతి నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

రాత్రి అన్నాల దగ్గర నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగలోకి వచ్చాక, "తాతల నాటి నుంచీ ఉన్న రెండు సెంట్లు. రాత్రికి రాత్రి ఏమైపోయినట్టు?" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

నేను నోరు తెరవబోయాను. నానమ్మ జోడు పైకి జరుపుకుని, నాకేసి ఒకసారి చూసి, నాన్న వైపు తిరిగింది.

"పోనీలేరా. ఎక్కడో ఒకచోట ఉంటాయి" అంది.