పని మాది, బిల్లూ మాదే

(అశోక్‌నగర్ టిఫిన్ బండి. చిక్కడపల్లి లైబ్రరీకి పోతూ దోసె కోసం ఆగిన, గ్రూప్స్ పరీక్షలకు చదివే అన్న. పక్కన స్టార్టప్ సారు. పెనం దగ్గర పెద్దమ్మ.)

సారు: ఇంకెన్నాళ్లండీ ఈ పెనాలు, గరిటెలు? నారాయణగూడలో హోటల్ పెడుతున్నా. సర్వర్లే ఉండరు. అంతా ఆటోమేషన్!

అన్న: ఆర్డర్ ఎవరు తీసుకుంటరు?

సారు: స్క్రీన్ మీద మీరే నొక్కుతారు.

అన్న: బిల్లు?

సారు: మీరే స్కాన్ చేస్తారు.

అన్న: ప్లేటు?

సారు: నంబర్ రాగానే మీరే తెచ్చుకుంటారు.

అన్న: నీళ్లు? ఎంగిలి ప్లేటు?

సారు: సెల్ఫ్ సర్వీస్.

అన్న: అంటే ఆ ఆటోమేషన్ నేనేనా! నలుగురి పని చేస్తున్న గద, నా జీతమెంత సారూ?

సారు: ఎగతాళి వద్దు. 2018లో అమెరికాలోని పాసడెనాలో ఫ్లిప్పీ అనే రోబో బర్గర్లు కాల్చింది.

అన్న: ఒక్క రోజు. అంతే, ఆపేసిన్రు. అంతకన్నా పాతది వింటరా? 1902లో ఫిలడెల్ఫియాల నాణెం వేస్తే గాజు తలుపు తెరుచుకునే హోటల్ పెట్టిన్రు. తలుపు ఎనుక ప్లేట్లు నింపింది మనుషులే. 1991లో న్యూయార్క్‌ల ఆఖరుది మూసిన్రు.

సారు: ఇవన్నీ మీకెలా తెలుసు?

అన్న: ఆరేండ్ల సంది గ్రూప్స్ కోసం ఇవే చదువుతున్న. 2022ల రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకయి రద్దాయె. 2023ల మళ్ల రాస్తే బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టు రద్దు చేసె. మిషన్ లేక మా పరీక్ష పాయె, మిషన్ వచ్చి మా కొలువు పోతది!

సారు: పోటీ ప్రపంచమండీ...

అన్న: పోటీనా? 2024ల 563 పోస్టులు, నాలుగు లక్షల దరఖాస్తులు. కొలువు రానోళ్లల్ల ఎందరో పగలు లైబ్రరీల చదివి, రాత్రి హోటళ్లల్ల ఆర్డర్లు రాసుకుంటరు. రూము కిరాయి దాంతోనే. ఆ కాగితం, పెన్ను గూడ గుంజుకుంటే సమాజం...

పెద్దమ్మ: బిడ్డా, సమాజం ఆడనే ఉంటది. దోసె సల్లారుతాంది. ఏం సారూ, ఆ స్క్రీన్ ఎట్ల నొక్కాల్నో జనానికి ఎవలు చెప్తరు?

సారు: పక్కన ఒక కుర్రాణ్ణి నిలబెడతాం. జనం అలవాటు పడేదాకా.

అన్న: తర్వాత?

సారు: తర్వాత... అతని అవసరం ఉండదు.

అన్న: తన కొలువు ఎట్ల పోగొట్టుకోవాల్నో పదిమందికి నేర్పే కొలువన్నట్టు!

పెద్దమ్మ: దోసె నేనే పోస్త, నేనే ఇస్త, ప్లేటు నేనే కడుగుత. నా బండి కాడ మీకున్న పని ఒక్కటే. తినుడు.